లెక్కలో కుక్క

"సాయిబులింట్లో కుక్కా?" అని నన్ను రెండువైపుల నుంచీ అడిగారు. మీవాళ్లు కుక్కల్ని ముట్టుకోరటగా అని ఎదురింటి సారు నవ్వుతూ. కుక్క ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారని తెలీదా మియా అని మసీదు దగ్గర ఒక పెద్దాయన కోపంగా. ముస్లిం అంటే ఎలా ఉండాలో ఇద్దరికీ ముందే తెలుసు. తెలియనిది మోతీకే.

మోతీ ఊరకుక్క. పదకొండేళ్లు మా వాకిట్లో బతికి, మొన్నటి వానల్లో పోయాడు. కుక్క కోసం ఒక ముస్లిం ఏడవొచ్చా? ఫత్వా కోసం అడగట్లేదు. ఏడుపు ఎలాగూ వచ్చేసింది.

మన వైపు ఎక్కువమంది హనఫీలం. హనఫీలకు కుక్క ఎంగిలి నాపాక్, ఒళ్లు కాదు. కేరళలో ఎక్కువగా ఉండే షాఫియీలు తడి కుక్క తగిలితే ఏడుసార్లు కడుక్కోవాలి, అందులో ఒకసారి మట్టితో. మాలికీలకు ఎంగిలి కూడా పాకే. ఉలేమాలే ఒక్కమాట మీద లేని సంగతిలో ఎదురింటి సారుకు అంత నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో! ఫరిష్తాలు రారన్న హదీసు బుఖారీలో ఉన్న మాట నిజమే. దాహంతో తడిమట్టి నాకుతున్న కుక్క కోసం బావిలో దిగి, చెప్పులో నీళ్లు పట్టి తాగించినవాడి పాపాలు మాఫ్ అయ్యాయన్న హదీసు కూడా అందులోనే ఉంది. ఈ రెండోది జుమా బయాన్లలో నేను విన్నది చాలా తక్కువ.

మా అమ్మీ ఇవేవీ చదవలేదు. గడపనే హద్దు చేసింది. మోతీ లోపలికి రాకూడదు, జానిమాజ్ బయటికి పోకూడదు. సహరీకి లేస్తే మొదటి రొట్టె ముక్క గడప దాటి వాడికి పడేది. పదకొండేళ్లలో వాణ్ణి ఒక్కసారి ముట్టుకోలేదు, ఒక్కపూట పస్తు పెట్టలేదు. వాడు పోయిన రోజు మున్సిపాలిటీ బండికి ఇవ్వబుద్ధి కాలేదు. ఎదురింటి సారే తన పెరట్లో జాగా చూపించి గడ్డపార తెచ్చారు. అమ్మీ మా గడప లోపలే నిలబడి చూసింది. ఆమె పెదాలు కదిలాయి. ఏమందో అడగలేదు.

శుక్రవారం సూరె కహఫ్ చదివే ఇళ్లు మనవి. గుహలో ఏళ్లకేళ్లు నిద్రపోయిన యువకుల కథ అందులోదే. వాళ్ల కుక్క గుమ్మం దగ్గర ముందుకాళ్లు చాపి ఉంటుంది. వాళ్లెంతమంది అని జనం వాదించుకుంటారు. ముగ్గురు, నాలుగోది కుక్క అని కొందరు. ఐదుగురు, ఆరోది కుక్క అని కొందరు. ఏడుగురు, ఎనిమిదోది కుక్క అని ఇంకొందరు. సరైన సంఖ్య అల్లాకే బాగా తెలుసంటుంది ఖురాన్. మనుషుల సంఖ్య మారుతోంది గాని, ఏ లెక్కలోనూ కుక్క తప్పిపోలేదు.

కుక్కను వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజును నేను తెలుగు వాచకంలో చదివాను. ఆ కథ నాది కూడా. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నా పేచీ ఒక్కటే. చివరికి ఆ కుక్క యమధర్మరాజని తేలుతుంది. కుక్క కుక్కగానే ఉండిపోతే సార్ అని అడిగితే, కూర్చోమన్నారు తెలుగు సారు. గుహ దగ్గరి కుక్క ఎవరిగానూ మారదు. మోతీ కూడా మారలేదు. చివరిదాకా పోస్ట్‌మ్యాన్‌ని చూసి మొరిగాడు, మటన్ దుకాణం ముందు సిగ్గులేకుండా కూచున్నాడు.

మనుషులు చస్తుంటే కుక్క కోసం వ్యాసమా అన్నాడు ఒక దోస్తు. మన కౌమ్ వాడే, ఉద్యమాల్లో తిరిగినవాడు. ఇది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది, ఆ వెంటనే పోలీసు కాల్పులు. ఆ రాత్రి డెస్కు మీద చనిపోయినవాళ్ల లెక్క రాసినవాణ్ణి నేను. గంటగంటకూ సంఖ్య కొట్టేసి కొత్తది వేశాను. మన చావులకే విలువ కట్టని చోట కుక్క చావును పక్కన పెడితే మనవి ఇంకా చవకైపోతాయని దోస్తు భయం.

నాకు ఇంకోలా కనిపిస్తోంది. మనిషిని లెక్కలోంచి తీసెయ్యాలనుకున్నవాడు ముందు అతన్ని కుక్క అంటాడు. తెలుగులో కుక్కచావు, ఉర్దూలో కుత్తే కీ మౌత్. నాకొచ్చిన రెండు భాషలూ ఇక్కడ భలే కలిశాయి! కుక్క చావుకు విలువ లేదని మనమంతా ముందే ఒప్పుకున్నాం గనకే ఆ తిట్టు పారుతోంది. ఆ ఒప్పందం మీద నేను సంతకం పెట్టను.

దోస్తుకు ఇదే చెప్పాను. ఒప్పుకోలేదు. ముందు మనుషుల సంగతి చూడు, తర్వాత కుక్కలు అన్నాడు. ఆ వరస ఎవరు రాయాలి అన్నాను. వాదం ఇంకా తెగలేదు.