భుజం చూడు బిడ్డా

మొన్న టీవీ టవర్ దగ్గర మీ ఇంటికొచ్చినప్పుడు, ట్యూబులైటు కింద నువ్వు వేస్తున్న సావిత్రి బొమ్మ చూసిన. అందరూ అచ్చం సావిత్రే అన్నరు. నేనేమీ అనలేదు. నీ మనసు చిన్నబోయిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

పోలిక కుదిరింది. గళ్లు గీసి ఎక్కిస్తే కుదరక ఏమవుతుంది? సినిమా హోర్డింగులు వేసిన రోజుల్లో మేమూ అంతే. స్టిల్ ఫొటో మీద చిన్న గళ్లు, గుడ్డ మీద పెద్ద గళ్లు. రంగుపొడి పూసిన దారం లాగి టప్పున కొడితే గీత పడేది. అట్లా మేడంత హీరోని నిలబెట్టేవాళ్లం. సినిమా మారగానే ఆ మొహం మీదే తెల్లరంగు కొట్టి ఇంకొకరిని ఎక్కించేవాళ్లం. పోలిక అంత చవక. మా మేస్త్రి ఉంటే ఈ మాటకు నన్ను తిట్టేవాడు, అది వేరే సంగతి.

నువ్వు వేస్తున్నది కూలికి కాదు, ఇష్టంతో. ఫోన్లో దొరికిన ఆ ఫొటో ఎవరో నున్నగా తుడిచిపెట్టింది. దాన్ని పక్కన పెట్టు. 1957 నాటి ‘మాయాబజార్’ పెట్టుకో. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో వచ్చిన ఘట్టాలు ఆపి ఆపి చూడు. మొహం సావిత్రిదే, లోపలున్నది మాత్రం ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావు. ఆ తేడా ఎక్కడుంది? కళ్లలో అంటవు, అందరూ అదే అంటరు. నాకు భుజంలో కనిపిస్తది. అసలు శశిరేఖ భుజం ఒదిగి ఉంటది, మాయా శశిరేఖది విరుచుకుని ఉంటది. నీ బొమ్మేమో మెడ దగ్గరే ఆగిపోయింది.

2010లో ఆ సినిమాకు రంగులద్ది వదిలిన్రు. అది చూసి చీర రంగు ఎంచుకోకు. మార్కస్ బార్‌ట్లీ కెమెరా పనంతా వెలుగునీడల్లో ఉంది. కళ్లు చికిలించి చూస్తే ఏది ముదురో, ఏది లేతో తెలుస్తది. ముందు ఒక్క బూడిదరంగులోనే మొత్తం వేసుకో. ఒంటి రంగు తర్వాత.

ఎం.ఎఫ్. హుస్సేన్ కూడా బొంబాయిలో హోర్డింగులు వేసి బతికినోడే. మన బంజారాహిల్స్‌లో సినిమా ఘర్ అనే మ్యూజియం పెట్టిండు. ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ అరవైసార్లకు పైగా చూసిండని చెప్పుకుంటరు, మాధురీ దీక్షిత్ మీద అంత ఇష్టం. తీరా చూస్తే ఆయన బొమ్మల్లో చాలామంది ఆడవాళ్లకు మొహమే ఉండదు. పసితనంలోనే తల్లి పోయింది, ఆమె మొహం ఆయనకు గుర్తులేదు. నిన్ను మొహం తీసెయ్యమనను. అందులోనే మునిగిపోకు అంటున్న, అంతే.

మన మూసారాంబాగ్ సంగతే చూడు. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ జనం నోట్లో పడి మూసారాం అయిండు. పేరుకు పోలిక మిగల్లేదు. 1798లో పోయిన ఆ మనిషిని మాత్రం బస్సు కండక్టర్ రోజూ పిలుస్తనే ఉన్నడు.

ఆదివారం పొద్దున వస్త. మోకాళ్ల నొప్పులు, మళ్లీ మూడో అంతస్తు ఎక్కలేను. బొమ్మను కిందికి దింపు, గేటు దగ్గర ఎండలో పెట్టి చూద్దాం. ట్యూబులైటు వెలుగులో రంగులన్నీ అబద్ధమాడతయి. కొత్త గుడ్డ ఒకటి నేను తెస్త, ఈసారి నడుము దాకా వెయ్యాలె.