చూపు నిచ్చువారు

అమెరికా రచయిత డేనియల్ హాండ్లర్, లెమొనీ స్నికెట్ అను మారుపేరున, 2000వ సంవత్సరమున ప్రకటించిన ‘ది మిజరబుల్ మిల్’ అను బాలుర నవలలో జార్జినా ఆర్వెల్ అను కంటివైద్యురాలు కలదు. కళ్లజోడు పగిలిన క్లౌస్ అను అనాథబాలుడు ఆమెకడకు పోయి, క్రొత్త కళ్లజోడుతోను, పరాధీనమైన మనస్సుతోను తిరిగివచ్చును. ఒక్క సంకేతపదము చెవిని బడినంతనే వాడు చెప్పినదెల్ల చేయును. ఆ స్థితిలో వాడు కఱ్ఱకోతమిల్లున యంత్రమును నడపగా ఒక పనివాని కాలు విఱుగును.

ఈ పాప మెవరిది? పాణిని స్వతంత్రుడైనవానిని కర్త యనెను. వానిని ప్రేరేపించువానిని హేతు వనియు, కర్త యనియు గూడ చెప్పెను. ధర్మవిచారమునకును ఈ విభాగ ముపకరించును. స్వాతంత్ర్యము హరింపబడిన బాలునియందు దోషము నిలువదు. అది ప్రేరేపించినవారినే చేరును.

నిజమైన సమ్మోహనవిద్య కింతటి శక్తి లేదందురు. నిజమే, కాని నమ్మకమున కున్నది. వైద్యుని యెదుటను, గురువు నెదుటను మనము సందేహమును గుమ్మముకడనే విడిచి కూర్చుందుము. చూపు నిచ్చువారికే చూపును హరించు నవకాశ మధికము.

అయినను నమ్మకమును మానుట పరిష్కారము కాదు. కథలో అక్క వయొలెట్ ఆ వైద్యురాలు వ్రాసిన కఠినగ్రంథమునే ఓపికతో చదివి తమ్ముని విడిపించు మార్గమును కనుగొనును. తన విద్యను శిష్యుడు పరీక్షింపగలుగునట్లు చేయువాడే గురువని మేమందుము. ప్రశ్న వలదనువాడు ఎంతటి నిపుణుడైనను ఆర్వెల్ వంశమువాడే.