పాట వరుస ఎవరిది?

ధ్యానమునకు: ఆమోసు 6:4–6, 1 కొరింథీయులకు 14:13–19



మన దాచేపల్లి సంఘములో ఒక యౌవనస్థుడు కలడు. పగలంతయు సున్నపు బట్టీయొద్ద పని. సాయంకాలము స్నానము చేసి, ఇంత అన్నము తిని, గుడి వసారాలో హార్మోనియము పెట్టె ముందర కూర్చుండును. అతనికి ఎవరును జీతమియ్యరు, ఎవరును ఆ పని చేయుమని అడుగలేదు. తనకు ఇష్టమైన పాట నొకదానిని తీసికొని, దాని నడక కొంచెము మార్చి, ఒక చరణమును పై స్థాయికి ఎత్తి, మరియొక దానిని దించి, ప్రొద్దుపోవు వరకు వాయించుచుండును. ఒక్కొక్కప్పుడు తానే క్రొత్త వరుస కట్టును. అది అతని సరదా.

ఒక ఆదివారమున అతడు మనమందరము ఎరిగిన పాత కీర్తన నొకదానిని క్రొత్త వరుసలో పాడించెను. యౌవనస్థులు ఉత్సాహముగా పాడిరి. అయితే ముందు చాపమీద కూర్చుండు ఒక అవ్వ పెదవి కదపలేదు. ఆరాధనయైన తరువాత ఆమె మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, నాకు చదువు రాదు. ఈ పాటలే నా బైబిలు. ఆ వరుసలో ఎత్తుకుంటేనే నాకు మాటలు నోటికొస్తాయి. వరుస మారిస్తే నా బైబిలు మూసేసినట్టే" అనెను.

ఈ మాట తేలికైనది కాదు. 1842లో గుంటూరునకు వచ్చిన హయ్యరు దొరగారు 1849లో గురజాలలో కాపురముండి మన పల్నాటిలో సువార్త ప్రకటించిరి. నాటినుండి చదువు రాని మన పూర్వికులు అనేకులు వాక్యమును పాటగానే గుండెలో దాచుకొనిరి. వారికి వరుస అలంకారము కాదు. మాటను మోయు కావడి.

మేము కలతపడితిమి. కలతలో తప్పు చేసితిమి. ఆ యౌవనస్థుని పిలిచి, "ఇది పదిమంది మెప్పు కొరకు చేయు పని, దేవుని పాటతో ఆటలాడకూడదు" అని గద్దించితిమి. హార్మోనియము పెట్టెకు తాళము వేయించితిమి. మూడు వారములు వసారా నిశ్శబ్దముగా ఉండెను. అవ్వ సంతోషించునని తలంచితిమి. ఆమెయైతే, "పిల్లోడు కనబట్టం లేదేం అయ్యగారూ?" అని మమ్మునే అడిగెను.

అప్పుడు వాక్యము తెరచితిమి. దావీదువలె వాద్యములను కల్పించుకొనువారిని ఆమోసు ప్రవక్త గద్దించుచున్నాడు. ఇది మన యౌవనస్థుని గూర్చియే అనిపించెను. కాని ఆరవ వచనము వరకు చదువగా, వారి దోషము వాయించుట కాదనియు, యోసేపు సంతతివారి నాశనము చూచి దుఃఖపడకుండుట అనియు తెలిసెను. చేతిలో పాట ఉండుట పాపము కాదు. ప్రక్కవాని మూలుగు చెవికి సోకకుండుట పాపము. తాళము వేసిన దినమున ఆ పాపము మాదే. అతని మూలుగు మాకు వినబడలేదు.

సరదాగా వాయించుట కాలము వృథాచేయుటయా? సౌలును నెమ్మదిపరచుటకు పిలువబడక ముందే దావీదు సితారా వాయించుటలో నేర్పరి (1 సమూయేలు 16:18). గొఱ్ఱెలమందను కాచిన ఆ బాలుని నేర్పు, సమయము వచ్చినప్పుడు ఒక రాజునకు ఔషధమాయెను.

అన్యమైన వరుస అపవిత్రమా? ఇరువది రెండవ కీర్తన పైభాగమున దానిని ఏ రాగముమీద పాడవలెనో వ్రాయబడియున్నది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోను అనేక కీర్తనలపైన రాగము, తాళము అచ్చువేయుదురు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) ఈ దేశపు రాగములలోనే క్రీస్తును పాడిరి. ఆ రాగములు సువార్తకంటె ముందే ఇక్కడ ఉన్నవి. 1601లో జర్మనీ దేశపు హాస్లరు ఒక ప్రేమగీతమునకు కట్టిన వరుసను, తరువాత సంఘము క్రీస్తు శ్రమలను పాడుటకు తీసికొనెను. బాఖ్ తన మత్తయి శ్రమల సంగీతములో దానిని పలుమార్లు వాడెను. నేడు మనము పాతదనుచున్న ప్రతి వరుసయు ఒక దినమున క్రొత్తదే. నాటి పెద్దలందరు పెట్టెలకు తాళములు వేసియుంటే, అవ్వకు ఆ కీర్తనయే ఉండకపోవును.

అట్లయితే వరుస ఎవరిది? వసారాలో ఒంటరిగా కూర్చున్నప్పుడు అది వాయించువానిది, అతడు స్వతంత్రుడు. సంఘము కూడినప్పుడైతే, ఉపదేశము పొందనివాడు ఆమేన్ అని ఎట్లు చెప్పగలడని పౌలు అడుగుచున్నాడు. అక్కడ వరుసలో మొదటి భాగము అందరికంటె తక్కువ నేర్చినవారిది.

మేము వెళ్లి ఆ యౌవనస్థుని క్షమాపణ అడిగి, తాళపుచెవి అతని చేతికే ఇచ్చితిమి. ఆరాధనలో పాత కీర్తన పాత వరుసలోనే పాడవలెను. క్రొత్త వరుసను ఇంకను వరుస లేని మాటలకు కట్టి, ముందుగా బుధవారపు కూటములో నేర్పవలెను అని ఒప్పుకొంటిమి.

తరువాత అతడు పాత వరుసలు సరిగా నేర్చుకొనుటకు అవ్వ అరుగుమీద కూర్చుండి, ఆమె పాడుచుండగా సెల్‌ఫోనులో ఎక్కించుకొనెను. నవ్వుచు మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, అవ్వ కూడా మార్చేసింది. పుస్తకంలో ఉన్న రాగం ఇది కాదు" అనెను. నిజమే. ఏండ్ల తరబడి మిరపచేలలో కలుపు తీయుచు పాడుటలో, చేతి ఊపునకు తగినట్లు ఆమెకు తెలియకుండనే వరుస వంగినది. ఆమెయు వరుసలు కట్టునదే!

అతని క్రొత్త పాటలో అవ్వకు పల్లవి మాత్రమే వచ్చినది. చరణములు తనకు వద్దన్నది. పల్లవి వచ్చినప్పుడెల్ల గట్టిగా అందుకొనుచున్నది.

ప్రియులారా, మీ సంఘములో పాడని నోరు ఎవరిది? తాళము పడిన పెట్టె ఎవరిది? రెండింటిని గూర్చియు విచారించుడి. మన పాటలను ఇచ్చిన దేవుడు, ఒకరి పాటకు ఒకరము చెవియొగ్గు మనస్సును మనకు దయచేయును గాక. ఆమేన్.