తీర్థయాత్రయు తోడి బాటసారియు

"ధర్మపురికి వచ్చినవారికి యమపురి లేదు" అను సామెత గోదావరి యిరుగట్టులవారికిని పరిచితమైనదే. లక్సెట్టిపేట కెగువను, నదికి దక్షిణపు టొడ్డున వెలసిన ఆ నరసింహక్షేత్రమునకు తరతరములుగా జనులు కాలినడకను, బండ్లమీదను పోయి, నదిలో మునిగి, అచ్చటి యమధర్మరాజునకు గూడ మ్రొక్కి మరలి వచ్చుచున్నారు. ఆ సామెతలోని భావమును కొంచెము విచారించి చూతము. ఒక యూరికి వచ్చినంతమాత్రముననే మనుష్యుడు తాను చేసిన పనికి జవాబు చెప్పుకొనవలసిన యవసరము తప్పిపోవునా? తప్పిపోవు నందుమేని, వితంతువైన మరదలి పొలమును కాజేసినవాడును, కూలివాని కూలి బిగబట్టినవాడును, అబద్ధపు సాక్ష్యము పలికినవాడును ఒక బండి కట్టించుకొని ధర్మపురికి పోయిన చాలును. ధర్మము పేరు పెట్టుకొన్న యూరు అధర్మమునకు చెల్లుచీటి వ్రాసి యిచ్చు కచేరి యగును. ఇది యొప్పుకొనదగినది కాదు.

1828వ సంవత్సరమున రాజా రామమోహనరాయలు బ్రాహ్మసమాజమును నెలకొల్పిన నాటనుండియు మనవా రీవిషయమున చెప్పుచు వచ్చిన మాట యొక్కటియే. పరమేశ్వరుడు సర్వవ్యాపి. ఆయన యొక గట్టున నెక్కువగాను, వేరొక గట్టున తక్కువగాను ఉండువాడు కాడు. నీరు దేహమును కడుగును. అంతఃకరణమును కడుగునది పశ్చాత్తాపమును, చేసిన కీడును దిద్దుకొనుటయునే. ఈ తీర్పును మార్చుకొనుటకు మాకు కారణ మేదియు కనబడదు. అయినను గమ్యమును గూర్చిన తీర్పు వేరు, త్రోవను గూర్చిన తీర్పు వేరు. పోయి చేరిన చోట పుణ్యము లేదని చెప్పినంతమాత్రమున, పదిమందితో కలిసి పోవుటలో నేమియు లేదని చెప్పినట్లు కాదు. ఈ రెండవ ప్రశ్నను మనలో పెక్కుమంది యడుగనే లేదు. దానినే యిచ్చట విచారింప నుద్దేశించితిమి.

ఇందుకు దృష్టాంతమును దూరదేశములలో వెదకనక్కరలేదు. లక్సెట్టిపేటనుండి గోదావరి యొడ్డున పైకి పోగా జన్నారము ప్రాంతమున కలమడుగను గ్రామమును, దానిచెంత నదిలో హస్తినమడుగు అను మడుగును గలవు. గోండులలో మెస్రం వంశమువారు పుష్యమాసపు నెలవంక చూచిన పిదప, తమ యిలవేల్పైన నాగోబాకు అభిషేకము చేయుటకై యీ మడుగు నీటిని తీసికొని పోవుటకు కేస్లాపూరునుండి కాలినడకను వచ్చుదురు. తెల్లని వస్త్రములు ధరించి, కాళ్లకు చెప్పులు లేక, చలిలో అడవి త్రోవలను నడతురు. ఝారి యను లోహపాత్రలో నీరు నింపికొని, దానిని నేల దింపక, విడిదిచోట చెట్టుకు వ్రేలగట్టి, మరల భుజమున కెత్తుకొని పోవుదురు. రానుపోను నూఱు కిలోమీటరులకు మిక్కిలి పైబడిన దారి. పుష్య అమావాస్యనాటి రాత్రికి నీరు దేవుని సన్నిధి చేరవలెను. 2016లో జిల్లాల విభజన జరిగిన పిదప మడుగు మంచిర్యాల జిల్లాలోను, గుడి ఆదిలాబాదు జిల్లాలోను చేరినవి. నడచువారి కాళ్లకు మాత్ర మీ సరిహద్దుతో పని లేదు.

నీటిలో నొక మహిమ గలదని వారు నమ్ముదురు, మేము నమ్మము. కాని యీ యాత్ర నడచు తీరును చూచినవారికి, ఆ నమ్మకముతో నిమిత్తము లేకయే నేర్చుకొనదగిన పాఠములు కొన్ని తోపక మానవు.

మొదటిది నడక వేగము. బండిలో పోవువాడు తన యెడ్ల బలిమిని బట్టి పోవును. మోటారులో పోవువాడు తన ధనమును బట్టి పోవును. గుంపుగా కాలినడకను పోవువా రన్ననో తమలో మిక్కిలి మెల్లగా నడచువాని నడకను బట్టియే పోవలెను. లేనిచో అది గుంపు కాదు, ఒకే బాటను వేర్వేరుగా పోవుచున్న మనుష్యుల వరుస మాత్రమే. లోకములో బలవంతుడు ముందు నడచి, బలహీనుడు వెనుక పరుగెత్తుట పరిపాటి. ఈ యొక్క చోట బలవంతుడు తన బలమును దాచుకొని యడుగు వేయవలసి యున్నది. సంసారమునందు మన మెన్నడు నేర్వని యీ విద్యను త్రోవ బలవంతముగా నేర్పును.

రెండవది పరస్పరాధారము. నాగోబా పూజకు వలయు కుండలను సిరికొండ కుమ్మరులు చేసి యియ్యవలెను. వంశచరిత్రమును పాడి వినిపించుటకు ప్రధానులు కావలెను. త్రోవలోని గూడెములవారు విడిదియు కూడును పెట్టవలెను. వంశమున క్రొత్తగా మెట్టిన కోడండ్రను జాతరలో పెద్దలకు చూపి పరిచయము చేయు వేడుక యొకటి కలదు. దానితో నా యింట నిన్నటివరకు పరాయిది యైన పడుచు నేడు వంశమునకు తనదగును. నేను నాయంతట చేరితినని చెప్పుకొనగల మనుష్యు డా యాత్రలో నొక్కడును లేడు.

మూడవ పాఠము నడచువారికి గాక, వారికొఱకు వచ్చువారికి సంబంధించినది. 1940లో కుమ్రం భీము జోడేఘాటువద్ద నిజాం పోలీసుల తుపాకులకు బలియైన పిదప, గోండుల స్థితిగతులను తెలిసికొనుటకు ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ పండితుని పంపెను. ఆ దశకముననే కేస్లాపూరు జాతరలో దర్బారు జరుపు నాచారము మొదలయ్యెను. అంతవరకు వినతిపత్రము పట్టుకొని కచేరి గుమ్మమున నిలువబడిన జనులచెంతకు ఆ దినమున కచేరియే నడచి వచ్చెను. భక్తుడు దేవునివద్దకు పోవుట యాత్రయైనచో, అధికారి దీనునివద్దకు పోవుటయు యాత్రయే. రెండవదానికి పుణ్యము తక్కువ యని యే శాస్త్రమును చెప్పజాలదు.

ఇక కఠినమైన ప్రశ్న నడుగుదము. ఇట్టి యే యాత్రయందైనను ఒక బాటసారి నడుమదారిని జ్వరముతో కూలబడె ననుకొందము. నియమితమైన తిథి రెండు దినములలో నున్నది. పాత్రను నేల దింపగూడదు. మనుష్యుడు మాత్రము నేలమీద పడియున్నాడు. ఏమి చేయవలెను? వ్రతము చెడరాదనువారు "వానిని దేవునికి విడిచి నడువుడు" అందురు. జాలి గలవారు "అందఱును ఆగుడు" అందురు. లౌకికులు "ఒకరిని తోడుంచి తక్కినవారు పొండు" అందురు. మూడవ మార్గమునే సామాన్యముగా జను లవలంబింతురు, అది తప్పును కాదు. అయినను ఆగిపోయినవానికి యాత్రాఫలము దక్కలేదని పిదప జను లనుకొందురు. అచ్చట మేము విభేదింతుము. మా యభిప్రాయమున ఆగినవాడే ముందు చేరినవాడు. తక్కినవా రే సన్నిధిని వెదకుచు ముందునకు సాగిరో, ఆ సన్నిధి జ్వరపడినవాని చాపచెంత వానికి లభించినది. నేలమీద పెట్టగూడని పాత్ర సృష్టిలో నొక్కటియే కలదు. అది మానవ హృదయము. లోహపు పాత్రను గూర్చిన నియమ మీ సత్యమునకు జ్ఞాపికయైనచో మంచిది. దానికి బదులుగా నిలిచినచో విడువదగినది.

జ్ఞాపిక సత్యమునకు బదులుగా నిలిచిన నేమగునో అదే గోదావరి వేరొకచోట చూపినది. 2015 జులై 14వ తేదీన, పుష్కరముల మొదటి దినమున, రాజమహేంద్రవరమున స్నానపు రేవువద్ద త్రొక్కిసలాటలో 20 మందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. వీరేశలింగము పంతులుగారు జీవితమంతయు మూఢవిశ్వాసములతో పోరాడిన పట్టణమది. చనిపోయినవారిని నిందింప మేము సాహసింపము. వారు భక్తితో వచ్చినవారు. కాని ఫలానా గడియలో, ఫలానా రేవున మునిగిననే పుణ్యమను బోధ లక్షలకొలది జనులను తోడివారినిగా గాక అడ్డువారినిగా చేయును. ముందున్నవాడు నా పుణ్యమునకు తెర. ప్రక్కవాడు నా చోటును గైకొన్నవాడు. అక్కడ జనము కలదు, తోడు లేదు.

తోడు అను మాటకు హద్దెక్కడ అను ప్రశ్న యింకను మిగిలియున్నది. మహారాష్ట్రదేశమున పండరిపురమునకు వార్కరులు పాదుకల పల్లకీలతో వేనవేలుగా నడచి పోవుదురు. నానాకులములవారి సాధువులు పాడిన యభంగములను త్రోవపొడవున కలిసి పాడుదురు. అట్లు పాడి పాడి చేరిన పిదప, అస్పృశ్యులని పేరుపడినవారికి గుడి తలుపు మూసి యుండెడిది. ఆ కులమున బుట్టిన చోఖామేళుని సమాధి గుడి వెలుపలనే యున్నది. 1947లో సానే గురూజీ నిరాహారదీక్ష వహించిన పిదపగాని యా తలుపు తెరువబడలేదు. త్రోవ యొకటి చేసినవారిని గడప వేఱు చేసెను. మన ప్రాంతపు యాత్రలలో త్రోవయే యందఱిని వేఱు చేయుచుండెను: ఒకే చెట్టు నీడను పది పొయ్యిలు, ఒకరి వంట నింకొకరు చూడకుండ పది చాటులు. మెస్రం వారి వంశవ్రతము వారిది. అడవులలో తమ్ము తాము నిలుపుకొన్న జనులకు కట్టుబాటు లెట్లుండవలెనో చెప్పుట మన పని కాదు. ఏకేశ్వరుని సంతానమని చెప్పుకొను మన మెందఱితో కలిసి నడచితిమి, ఎవరి చేతి యన్నము తింటిమి అనుటయే మనల నడుగవలసిన ప్రశ్న.

గుడి లేని యాత్ర యుండునా యని శంకించువారికి 1951వ సంవత్సరము సమాధానము చెప్పును. ఆ యేడు వినోబాభావేగారు వార్ధా ప్రాంతమునుండి హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లికి కాలినడకను వచ్చి, పిమ్మట నెత్తురు చిందిన తెలంగాణపు పల్లెలలో నడచిరి. ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో హరిజనులు తమకు 80 ఎకరముల భూమి కావలెనని యడుగగా, ఆ గ్రామపు వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరము లిచ్చెదనని లేచి నిలిచిరి. భూదానపు లెక్కలలోని లోపములను పిదప ననేకులు చెప్పిరి, అది వేరు విషయము. రైలులో పోయిన వానికి పోచంపల్లి కిటికీలోనుండి కనబడని యొక యూరు. నడచినవానికి అది ఆగవలసిన చోటు. యాత్రకు మూర్తి యక్కరలేదు. ఆగుటకు సిద్ధమైన మనస్సు కావలెను.

కావున సోదరులారా, తీర్థయాత్రలను వెక్కిరించుటతో మన కర్తవ్యము తీరినదని తలపకుందము. సామూహిక ప్రార్థనకు మందిరమున వారమున కొకమారు ప్రక్కప్రక్కను కూర్చుండుట మంచిదే. కాని ప్రక్కను కూర్చున్నవాని కాలి బొబ్బ మనకు తెలియదు. ఏటికొక పక్షము దినములైనను నానాకులములవారు పదిమందిమి కలిసి, మూట మోయ కూలివానిని పెట్టుకొనక, ఒక పొయ్యిమీద వండుకొని, పల్లెనుండి పల్లెకు నడుతము. అందఱికంటె మెల్లగా నడచువానిని ముందు నడువనిత్తము. పడినవాడు లేచువరకు ఆగుదము. ఏ యూర నేడ్పు వినబడిన నా యూరే యా దినపు క్షేత్ర మనుకొందము. ధర్మపురికి పోవు దారి యిదియే; ఇట్లు పోవువారికి యమపురి యున్నను భయము లేదు.

సర్వేశ్వరుడు మనకు గమ్యమును చూపుటకు ముందు తోడివానిని చూపుగాక.