బండికి పూజ చేయించాక వారంటీ ఎందుకు?



వాహన పూజ వీడియో పెట్టాక ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. కొత్త కారు బుక్ చేశాడట. డెలివరీ రోజు బండిని నేరుగా తాడ్‌బంద్ ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్ళాలని ప్లాన్. ఈలోపు షోరూం నుంచి ఫోన్ మీద ఫోన్, "సార్, ఎక్స్‌టెండెడ్ వారంటీ యాడ్ చేయమంటారా?" అని. అతను అడిగింది సూటిగా ఉంది. "అన్నా, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టించి, బండిని స్వామికి అప్పగించేశాక, మళ్ళీ నాలుగో ఏడు ఏమవుతుందో ఐదో ఏడు ఏమవుతుందో అని డబ్బు కట్టడమంటే స్వామి మీద నమ్మకం లేనట్టే కదా?"

చాలామంది దీన్ని నవ్వి వదిలేస్తారు. నేను వదల్లేకపోయాను. ఎందుకో చివర్లో చెప్తాను, ఎందుకంటే ఆ కథలో తప్పు నాదే.

ముందు ఒక చిన్న క్లారిటీ. ఇన్సూరెన్స్ వేరు, వారంటీ వేరు. యాక్సిడెంట్, దొంగతనం, సెల్లార్‌లోకి వచ్చిన వరద నీళ్ళు, ఇలా బయటి నుంచి తగిలే దెబ్బకి ఇన్సూరెన్స్. అందులో థర్డ్ పార్టీ అనేది 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. అది మన బండి కోసం కూడా కాదు, మన బండి వల్ల దెబ్బ తగిలిన ఎదుటి మనిషి కోసం. కాబట్టి అక్కడ "తీసుకోవాలా వద్దా" అన్న ధర్మసందేహానికి చోటే లేదు. వారంటీ అంటే బండి లోపలి నుంచి, దానంతట అది పాడైతే కంపెనీ బాగుచేసి ఇస్తానన్న మాట. ఇప్పుడు చాలా కార్లకి ఆ మాట 3 ఏళ్ళు లేదా 1 లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఆ మాటనే ఇంకో రెండు మూడేళ్ళు డబ్బు తీసుకుని పొడిగిస్తే ఎక్స్‌టెండెడ్ వారంటీ. ఇది తప్పనిసరి కాదు. "ఇది తీసుకుంటేనే బండి" అని ఎవరైనా అంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఒప్పుకోదు, 1915కి ఫోన్ చేసి చెప్పొచ్చు. బలవంతం లేదు కాబట్టే మనసులో ప్రశ్న పుడుతుంది. నిర్ణయం మనదే మరి.

ఇప్పుడు నమ్మకం సంగతి. తమ్ముడి మనసులో ఉన్నది గీత తొమ్మిదో అధ్యాయం, 22వ శ్లోకం. వేరే ఆలోచన లేకుండా తననే తలిచేవాళ్ళ యోగక్షేమాలు తానే చూసుకుంటానని కృష్ణుడు అన్న చోటు. మనం ఉత్తరాల్లో "యోగక్షేమాలు" అని రాసి రాసి ఆ మాట అర్థం పలచబడిపోయింది గానీ, శంకరాచార్యులు దాన్ని చక్కగా విడదీశారు. లేనిది సంపాదించుకోవడం యోగం, సంపాదించుకున్నది కాపాడుకోవడం క్షేమం. అంటే కారు కొనడం యోగం అయితే, వారంటీ క్షేమం పద్దులోకి వస్తుంది. ఇంకో సరదా సంగతి, ఆ శ్లోకం చివరి ముక్కనే ఎల్‌ఐసీ తన చిహ్నంలో పెట్టుకుంది. ఇన్సూరెన్స్‌కీ భక్తికీ మధ్య వైరం ఉందని మనవాళ్ళు అనుకోలేదన్నమాట.

అయితే శంకరులు అక్కడితో ఆగలేదు. మరి మిగతా భక్తుల యోగక్షేమాలు కూడా భగవంతుడే చూస్తాడు కదా, వీళ్ళకేమిటి ప్రత్యేకం అని తానే ప్రశ్న వేసుకుని, తానే జవాబు చెప్పారు. నిజమే, చూస్తాడు, కానీ మిగతావాళ్ళు తమ కోసం తాము కూడా ప్రయత్నం చేసుకుంటారు, అనన్యులు అదీ చెయ్యరు, అంతే తేడా అని. నాకిది పెద్ద ఊరట. "మిగతావాళ్ళు" అంటే మనమే కదండీ, నెలనెలా ఈఎంఐ కట్టేవాళ్ళం, సర్వీస్ డేట్ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకునేవాళ్ళం. మన ప్రయత్నం మనం చేసుకున్నామని ఆయన మనల్ని లిస్టులోంచి తీసెయ్యలేదు. ఇంధనం ఆయనే పోస్తాడని బంక్ దాటి వెళ్ళిపోము, సీటు బెల్టు మానెయ్యము. మరి వారంటీ దగ్గర మాత్రమే వైరాగ్యం గుర్తొస్తే, అది వైరాగ్యమా, డబ్బు మిగుల్చుకోవడానికి దొరికిన మంచి పేరా? తమ్ముడిని అనడం లేదు. నన్ను నేను అడిగిన ప్రశ్న ఇది.

రెండో వైపు కూడా చూడాలి. అన్నీ తీసేసుకునేవాళ్ళు ఉంటారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ, జీరో డెప్, ఇంజిన్ ప్రొటెక్ట్, టైర్ ప్రొటెక్ట్, కీ పోతే ఇంకో కవర్, పెయింట్‌కి కోటింగ్. ఫారం మీద ఉన్న ప్రతి గడికీ టిక్కే. వీళ్ళని చూస్తే నాకు పరీక్షిత్తు గుర్తొస్తాడు.

పరీక్షిత్తు కథ మనందరికీ తెలిసిందే, తపస్సులో ఉన్న ముని మెడలో చచ్చిన పాముని వేశాడు, ఏడు రోజుల్లో తక్షకుడు కాటేస్తాడని శాపం. కానీ ఆ ఏడు రోజులూ ఆయన ఏం చేశాడన్నది మహాభారతంలో ఒకలా, భాగవతంలో ఒకలా ఉంటుంది. మహాభారతంలో రాజు మంత్రులతో ఆలోచించి ఒంటిస్తంభం మేడ కట్టించాడు. చుట్టూ కాపలా, వైద్యులు, మూలికలు, మంత్రసిద్ధి ఉన్నవాళ్ళు. ఫుల్ కవరేజ్ అంటే అదే. ఆఖరికి తక్షకుడు పండులో చిన్న పురుగుగా వచ్చాడు. ఇంకో ముక్క ఉంది, చాలామందికి గుర్తుండదు. ఆ విషాన్ని నిజంగా దించగల కాశ్యపుడనే బ్రాహ్మణుడు రాజు దగ్గరికే బయలుదేరాడు. దారిలో తక్షకుడు ఎదురై, ఒక మర్రిచెట్టుని కాటేసి బూడిద చేసి చూపిస్తే, ఈయన దాన్ని మళ్ళీ చిగురింపజేసి చూపించాడు. అంత శక్తి ఉన్నవాడు! తక్షకుడు అడిగినంత ధనం ఇస్తానంటే తీసుకుని వెనక్కి తిరిగాడు. సర్వీస్ సెంటర్‌లో క్లెయిమ్ రిజెక్ట్ అయినప్పుడల్లా నాకు కాశ్యపుడే కళ్ళముందు కనబడతాడు.

భాగవతంలో అదే రాజు కొడుక్కి రాజ్యం అప్పజెప్పి, గంగ ఒడ్డున కూర్చుని, శుకమహర్షిని అడుగుతాడు, చావబోయేవాడు ఏం చెయ్యాలి అని. ఆ ప్రశ్నకి జవాబే మనం సప్తాహంలో వినేది.

మేడ కట్టించడం తప్పని నేను అనను. ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఆ పనే చేస్తారు. వారణావతంలో లక్క ఇంటి సంగతి విదురుడు గుట్టుగా చెప్తే, పాండవులు దేవుడి మీద భారం వేసి పడుకోలేదు, సొరంగం తవ్వించుకున్నారు. పగలు వేట పేరుతో తిరిగి దారులు తెలుసుకున్నారు. సొరంగానికీ మేడకీ తేడా ఏమిటంటే, ఒకటి తప్పించుకోగల ప్రమాదానికి సరిపోయినంత ఏర్పాటు, రెండోది తప్పించుకోలేని దానికి చేసిన పెద్ద ఏర్పాటు. గేర్‌బాక్స్ పోవడం మొదటి రకం. "రేపు ఏమవుతుందో" అన్నది రెండో రకం. షోరూం కుర్రాడు మాట్లాడేది గేర్‌బాక్స్ గురించే, కానీ మనలో కదిలేది మాత్రం ఆ రెండో భయం. చాలాసార్లు మనం బిల్లుకి భయపడి కూడా కట్టం, "అయ్యో, ఆ రోజే తీసుకోవాల్సింది" అని రేపు మనల్ని మనం తిట్టుకోవాల్సి వస్తుందేమోనని కడతాం. ఆ పశ్చాత్తాపానికి ఏ కంపెనీ కవర్ ఇవ్వదు. (ఆ కుర్రాడి మీద కోపం వద్దండీ, టార్గెట్ అతనిది.)

నా సంగతి చెప్తాను. నేను కారు కొన్నప్పుడు వారంటీ వద్దన్నాను. లెక్క వేసుకున్నాను. కంపెనీ ఏ ధర పెట్టినా, సగటున తనకి నష్టం రాకుండానే పెడుతుంది కదా. అంటే వందమంది కడితే, వాళ్ళలో ఎక్కువమందికి కట్టినంత తిరిగి రాదు. నాది మామూలు పెట్రోల్ బండి, మాన్యువల్ గేర్లు, నెలకి 800 కిలోమీటర్లు కూడా తిరగదు. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, టైర్లు, వైపర్లు, అంటే తప్పకుండా అరిగేవన్నీ వారంటీకి బయటే. పైగా ప్రతి సర్వీసూ వాళ్ళ దగ్గరే టైముకి చేయించాలి, బయట ఎవరైనా వైర్లు కోసి హారన్ పెట్టారంటే ఎలక్ట్రికల్ క్లెయిమ్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ డబ్బు పక్కన పెట్టుకుంటే, ఒకవేళ ఏదైనా పోయినా నేను భరించగలను. ఇప్పటికీ ఈ లెక్కలో తప్పు నాకు కనపడదు. ఎక్కువ తిరిగేవాళ్ళకి కూడా ఒక మాట. నెలకి 3,000 కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి 36,000. మీరు కొనే ప్లాన్ 5 ఏళ్ళు, 1.4 లక్షల కిలోమీటర్లు అనుకోండి, నాలుగో ఏడు నిండకుండానే కిలోమీటర్లు అయిపోతాయి. ఐదో ఏడు కాగితం మీదే ఉంటుంది. సంతకానికి ముందు మీ ఓడోమీటర్‌ని అడగండి.

ఇంత తెలివిగా ఉన్నాను కదా, అందుకే బావ అడిగినప్పుడు కూడా అదే చెప్పాను.

మా బావ, అంటే మా అక్క భర్త, పూల వ్యాపారం చేస్తాడు. తెల్లవారుజామున మూడున్నరకి గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు ఎత్తుకుని, నాలుగు గుళ్ళకీ రెండు ఫంక్షన్ హాళ్ళకీ వేస్తాడు. చిన్న గూడ్స్ బండి, మనవాళ్ళు ట్రాలీ అంటారు, లోన్ మీద కొన్నాడు. వారంటీ పొడిగించుకోవడానికి 11,000 అన్నారు, తీసుకోవాలా అని నాకు ఫోన్ చేశాడు. "వేస్ట్ బావా, అది వాళ్ళ లాభం కోసం, భయపెట్టి అమ్ముతారు" అన్నాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పైగా దేవుడి పూలు మోసే బండికి ఏమవుతుందిలే అని ఒక జోకు కూడా వేశాను.

కంపెనీ వారంటీ అయిపోయిన ఏడో నెలలో, వరలక్ష్మీ వ్రతం ముందు రోజు గురువారం తెల్లవారుజామున, అత్తాపూర్ దగ్గర గేర్‌బాక్స్ పోయింది. బండి నిండా చామంతి, బంతి, తామరలు. ఏడాదిలో పూలకి ఇంత గిరాకీ ఉండే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వేరే ట్రాలీ దొరికేసరికి ఎనిమిదయింది, ఒక గుడి వాళ్ళు అప్పటికే ఇంకెవరి దగ్గరో తెప్పించుకున్నారు. రిపేరుకి 42,000. తొమ్మిది రోజులు బండి లేదు. ఆ తొమ్మిది రోజులూ అద్దె బండి. ఈఎంఐ మాత్రం ఆగలేదు. అక్క గాజులు తాకట్టుకి వెళ్ళాయని నాకు నెల తర్వాత అమ్మ చెప్తే తెలిసింది.

నేను వెళ్ళి తప్పయిపోయింది బావా అంటే ఆయన అన్నాడు, "నీ లెక్క తప్పు కాదు బామ్మర్ది. అందులో పూలు లేవు, అంతే."

అప్పటినుంచి ఆ మాటే తిరుగుతోంది బుర్రలో. నా కారు ఆగితే నేను క్యాబ్ బుక్ చేసుకుంటాను. ఆయన బండి ఆగితే ఇల్లే ఆగుతుంది. ఒకే కాగితం, ఒకే సగటు లెక్క, కానీ నాకు అనవసరమైన ఖర్చు ఆయనకి ఇంటికి వేసే తలుపు లాంటిది. స్వధర్మం గురించి ఎన్నిసార్లు వీడియోల్లో విన్నానో, చెప్పానో. ఒకరి ధర్మం ఇంకొకరికి అంటగట్టకూడదన్నది అర్జునుడికీ యుద్ధానికీ మాత్రమే అనుకున్నాను. పదకొండు వేల రూపాయల దగ్గర కూడా అది వర్తిస్తుందని తట్టలేదు. నాకు నష్టం లేని చోట కూర్చుని, నష్టం ఉన్నవాడికి ధైర్యం చెప్పాను. అది ధైర్యం చెప్పడం కాదు కదా. రిపేరు డబ్బులో సగం నేనిస్తానంటే బావ మొదట ఒప్పుకోలేదు, తర్వాత గాజులు విడిపించడానికి మాత్రం తీసుకున్నాడు.

కాబట్టి తమ్ముడూ, నీకు "తీసుకో" అనీ చెప్పను, "వద్దు" అనీ చెప్పను. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, టర్బో ఉన్న బండి అయితే రిపేరు బిల్లు నా బండి లాంటిది కాదు, అది చూసుకో. అంత బిల్లు ఒక్కసారిగా వస్తే మీ ఇంట్లో ఏం ఆగుతుందో చూసుకో, అమ్మ మందులా, చెల్లి ఫీజా, లేక ఒక టూరా. టూరే అయితే తీసుకోకపోయినా పర్లేదు. డెలివరీ రోజే నిర్ణయించక్కర్లేదు కూడా, చాలా కంపెనీలు మొదటి వారంటీ నడుస్తుండగా తర్వాత కూడా ఇస్తాయి, ధర పెరగొచ్చు, అది ముందే అడిగి రాయించుకో. పూజ మాత్రం నిశ్చింతగా చేయించుకో. ఆంజనేయుడి ముందు బండి పెట్టి దండం పెట్టేటప్పుడు, జేబులో ఏ కాగితం ఉందో లేదో ఆయన వెతకడు.

బావ సంగతి చెప్పి ఆపేస్తాను. ఆయన బండికి ఇప్పుడు వారంటీ పొడిగించే వయసు దాటిపోయింది. మార్కెట్‌లో పూల బండ్లవాళ్ళు పదకొండుమంది కలిసి నెలకి తలా 500 వేసుకుంటున్నారు. చిట్టీ లాంటిదే కానీ పాట ఉండదు. ఎవరి బండి ఆగితే వాళ్ళు తీసుకుంటారు, మళ్ళీ మెల్లగా నింపుతారు. పోయిన నెల ఆ డబ్బు ఒక పెద్దాయన బండి క్లచ్ ప్లేటుకి పోయింది. అది ఏ వారంటీలోనూ రాదు.