పంపినవారి చిరునామా



ఇన్‌లాండు కవరు వెనుక పంపేవారి పేరు రాసేందుకు కొంత చోటు ఉంటుంది. అక్కడ మనం ఎవరి పేరు రాసినా తపాలావారు ఆరా తీయరు. ఎవరికి చేర్చాలన్నదే వారికి కావాలి. కంప్యూటర్ల మధ్య ఉత్తరప్రత్యుత్తరాలూ ఇంతే. ఇంటర్నెట్‌లో వెళ్ళే ప్రతి ప్యాకెట్ మీద పంపిన యంత్రం ఐపీ చిరునామా, చేరవలసిన యంత్రం ఐపీ చిరునామా ఉంటాయి. దారి చూపే రౌటర్లు సాధారణంగా రెండవదానినే చూస్తాయి. మొదటిదాని చోట పరాయి చిరునామా వేసి పంపడమే ఐపీ స్పూఫింగ్.

ఇది అబద్ధమేనా? అబద్ధమంటే మోసగించే సంకల్పం ఉండాలని పునీత అగుస్తీనుగారి భావన. యంత్రానికి సంకల్పం లేదు కనుక దానిని మీట నొక్కిన మనిషిలోనే వెదకాలి. అయితే పేరు దాచుకోవడం వేరు, పరాయి పేరు తగిలించుకోవడం వేరు. పేరు చెప్పకుండా దానం చేసేవాడు ఎవరినీ మోసగించడు. పరాయి పేరు వాడేవాడికి ఒక్కోసారి ఆ పేరుగలవాని నోరు కూడా నొక్కవలసి వస్తుంది.

1994 క్రిస్మస్ నాడు అమెరికాలో సుతోము షిమోమురా అనే భద్రతా నిపుణుని కంప్యూటర్లపై జరిగిన దాడిలో అదే జరిగింది. ఆయన యంత్రం నమ్మే మరో యంత్రాన్ని ముందుగా అరకొర పలకరింపుల వరదతో ఉక్కిరిబిక్కిరి చేశారు. తరువాత దాని చిరునామాతో ప్యాకెట్లు పంపారు. జవాబులు అసలు యంత్రానికే వెళ్ళాయి. 'నేను అడగలేదే' అని చెప్పే స్థితిలో అది లేదు. జవాబులు కనబడని చొరబాటుదారు వాటి వరుస సంఖ్యలను ఊహించి పని కానిచ్చాడు. ఇలా చేయవచ్చునని రాబర్ట్ మోరిస్ 1985లోనే రాశాడు. తొమ్మిదేళ్ళ తరువాత కూడా ఆ తలుపు తెరిచే ఉంది!

ఇంతకన్నా కలవరపెట్టేది మరొకటి. మీ చిరునామా వేసి ఎవరో వేయి దుకాణాలకు 'సరుకుల జాబితా పంపండి' అని కార్డు రాశారనుకోండి. కార్డు చిన్నది, జాబితా పెద్ద కట్ట. వేయి కట్టలు మీ గుమ్మానికి అడ్డం పడతాయి. 2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్ సంస్థపై ఈ పద్ధతిలోనే సెకనుకు 1.35 టెరాబిట్ల వరద వచ్చిపడింది. మధ్యలో జవాబులిచ్చిన సర్వర్ల యజమానులకు వాటిని అందరికీ తెరిచి ఉంచిన నిర్లక్ష్యం తప్ప వేరే దురుద్దేశం లేదు.

దీనిని ఆపవలసింది బయలుదేరిన చోటనే. 'ఈ వీధి నుంచి వెళ్ళే ఉత్తరం మీద ఈ వీధి చిరునామాయే ఉండాలి' అని ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ తన గడప వద్ద సరిచూస్తే చాలు. ఈ పద్ధతిని సిఫారసు చేస్తూ 2000 మే నెలలో ఇంటర్నెట్ ప్రమాణాలవారు ఒక పత్రం వెలువరించారు. ఉత్తరం విప్పి చదవడం కాదు, కవరు చూడడమే. అయినా చేయనివారున్నారు. ఎందుకంటే ఖర్చు తనది, మేలు పొరుగువానిది. తాను సరిచూసినంత మాత్రాన తనపైకి వచ్చే దొంగ ప్యాకెట్లు ఆగవు.

'నేను అబద్ధమాడలేదు, మోశానంతే' అని ఆయన అనవచ్చు. తెలియనప్పుడు ఆ మాట చెల్లుతుంది. తెలిసి, చేతిలో ఉపాయం ఉండి ఊరుకున్నప్పుడు చెల్లదనే నా అభిప్రాయం.

మీ ఇంటికి కనెక్షన్ ఇచ్చినవారు వచ్చినప్పుడు ఈ సంగతి అడిగి చూడండి. స్పీడు గురించి, నెల బిల్లు గురించి అడిగేవారే తప్ప దీని గురించి అడిగినవారు వారికి ఎక్కువగా తారసపడి ఉండరు.