ఓ స్త్రీ, రేపు రా!

ఒకప్పుడు మన ఊళ్ళల్లో ఇంటి తలుపుల మీద ‘ఓ స్త్రీ, రేపు రా’ అని రాసి ఉండేది, గుర్తుందా? బొగ్గుతోనో, సుద్దముక్కతోనో రాసేవారు. రాత్రిపూట ఓ ఆడదయ్యం వీధులమ్మట తిరుగుతూ తలుపులు తడుతుందనీ, ఈ రాత చూసి ‘సరే, రేపొద్దాంలే’ అనుకుని వెళ్ళిపోతుందనీ నమ్మకం. మర్నాడొస్తుంది. మళ్ళీ అదే రాత. పాపం, దానికి చదువు రావడమే దాని కొంప ముంచింది!

చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని గాని, ఈమధ్య ఆ ఉపాయం కనిపెట్టినవాడి తెలివికి ఆశ్చర్యం వేస్తోంది. పొమ్మంటే దయ్యం తిరగబడుతుంది. రమ్మంటే నెత్తినెక్కుతుంది. రేపు రమ్మంటే మాత్రం దానికి కోపం తెచ్చుకునే వీలే లేదు. ఎవరూ కాదనలేదుగా! ‘ఇవ్వను’ అన్నవాడితో పోట్లాడొచ్చు, కోర్టుకెక్కొచ్చు, నలుగురిలో పెట్టి కడిగెయ్యొచ్చు. ‘ఇస్తాం, కాస్త ఆగండి’ అన్నవాడితో ఏమని పోట్లాడతాం?

2022లో లష్కర్ బోనాలు అయిన వారానికి మా అత్తగారు పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. అప్పటికి ఆవిడకి ఎనభై మూడు. ఆపరేషన్ బాగానే జరిగింది. బిల్లు మేమే కట్టి, పద్మారావు నగర్‌లో మా ఇంటికి తీసుకొచ్చి, తరవాత బీమా కంపెనీకి కాగితాలు పంపాం. పాలసీ ఉందన్న ధైర్యం మాది. ఆ ధైర్యమే లేకపోతే ఇంకా ఎక్కువ దేవుళ్ళకి మొక్కుకునేవాళ్ళం.

మన దేశంలో మెడిక్లెయిం పాలసీలు మొదలైంది 1986లో. ఈ వ్యాపారాన్నంతా అదుపులో ఉంచే బీమా నియంత్రణ సంస్థ కేంద్ర కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో లేదు, మన హైదరాబాదులోనే ఉంది. వాళ్ళు 2019లో పాలసీల్లో ఉండే కొన్ని మినహాయింపులకి అన్ని కంపెనీలూ ఒకే మాటలు వాడాలని ఓ జాబితా ఇచ్చారు. దాంట్లో ఐదోది చదివారా? చదివి ఉండరు. పాలసీ కాగితం చదివే అలవాటు మనకెక్కడుంది! సారాంశం ఇది. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, పట్టుకుని నడిపించడం లాంటి సేవ ఇంట్లో జరిగినా, నర్సింగ్ హోంలో జరిగినా, నర్సు చేసినా, మామూలు మనిషి చేసినా ఆ ఖర్చు పాలసీ కిందికి రాదు.

అంటే విరిగిన ఎముకని అతకడం వైద్యం. అతికిన ఎముక గల మనిషిని లేపి కూర్చోబెట్టడం వైద్యం కాదు. మొదటిది డాక్టరుగారు గంటన్నరలో పూర్తిచేశారు. రెండోది ఏళ్ళ తరబడి ఎవరో ఒక ఆడమనిషి చెయ్యాలి. జర్మనీలో 1995లో, జపాన్‌లో 2000లో ఈ రెండోదానికే విడిగా ఓ బీమా పెట్టారు. జపాన్‌లో నలభయ్యో ఏట నుంచీ చందా కడతారట. మనకి కూతుళ్ళూ కోడళ్ళూ ఉన్నారు కనక ఆ అవసరం కనపడలేదు కాబోలు.

అందుకని మా లెక్క ఇలా ఉండేది. ఆయమ్మకి నెలకి 20,000. డైపర్లు, మందులు, గాలి పరుపు అద్దె వగైరా వేరే. ఆస్పత్రి ఖర్చు బీమా నుంచి తిరిగొస్తే దాంతో ఏడాదిపాటు ఈ సేవ నడుస్తుంది. అది రావాలి. అదే రాలేదు.

కాదనలేదు సుమండీ! ఒక్కసారి కూడా కాదనలేదు. మొదట ఎక్స్‌రే ఫిల్మ్ అసలుది కావాలన్నారు. పంపాం. ఎముకలో వేసిన రాడ్డు తాలూకు స్టిక్కరు కావాలన్నారు. ఆస్పత్రి చుట్టూ తిరిగి సంపాదించాం. ఆవిడ ఎలా పడ్డారో డాక్టరు రాసివ్వాలన్నారు. ఆవిడ పడ్డప్పుడు డాక్టరు మా పెరట్లో లేరు, అయినా రాసిచ్చారు. పాలసీలో ఇంటిపేరు పొట్టి అక్షరాల్లోనూ ఆధార్‌లో పూర్తిగానూ ఉంది, ఇద్దరూ ఒకరేనని రుజువేమిటన్నారు. అత్తగారు మంచంమీంచి, “నేనేనని చెప్పవే” అన్నారు.

అప్పట్లో అమల్లో ఉన్న 2017 నాటి నిబంధన ప్రకారం, క్లెయిం ముప్ఫై రోజుల్లో తేల్చాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటు మీద రెండు శాతం ఎక్కువ వడ్డీ ఇవ్వాలి. వినడానికి ఎంత ధర్మంగా ఉంది! కాని ఆ ముప్ఫై రోజులు ఎప్పణ్ణించి లెక్క? అవసరమైన ఆఖరి కాగితం అందిన రోజు నుంచి. ఏది ఆఖరిదో చెప్పేది ఎవరు? అడిగేవాడే. ఇంకోటి అడిగినంత కాలం ఇదివరకటిది ఆఖరిది కాదుగా!

మా ఇంట్లో అప్పుడు రెండు గడియారాలు నడిచేవి. ఒకటి కంపెనీది. అందులో చిన్న ముల్లు నెల, పెద్ద ముల్లు ఏడాది. రెండోది అత్తగారి మంచం పక్కది. రెండు గంటలకోసారి ఆవిణ్ణి ఇటు నుంచి అటు తిప్పాలి. లేకపోతే నడుం దగ్గర చర్మం ఎర్రబడి, పుండు పడుతుంది. పడిందా, మానడానికి నెలలు. ఆ పుండుకి, ‘మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది’ అని జవాబు రాయలేం.

‘ఆలస్యం అమృతం విషం’ అంటారు పెద్దవాళ్ళు. అది పని చేసుకునేవాడికి చెప్పే బుద్ధి. ఆలస్యం చేసినవాడే ఆ విషమూ తాగుతాడు. ఆలస్యం చేసేది ఒకరూ, తాగేది ఇంకొకరూ అయినప్పుడు సంగతేమిటో సామెత చెప్పలేదు. నన్నడిగితే ధర్మసూక్ష్మమంతా అక్కడే ఉంది. కంపెనీ ఆలస్యం చేస్తే ఆ భారం మా మీద పడుతుంది. మేము దాన్ని మందుల షాపతని మీదికో, ఆయమ్మ మీదికో దొర్లించవచ్చు. షాపతను పైవాళ్ళకి చెప్పుకుంటాడు. ఆయమ్మ ఎవరికి చెప్పుకుంటుంది?

మా ఇంట్లో అలా జరక్కుండా మా మరిది దగ్గర అప్పు తెచ్చాం. ఇది గొప్పగా చెప్పడం లేదు, అప్పిచ్చే మరిది ఉండడం అదృష్టం కనక చెబుతున్నాను. ఆయమ్మది వారాసిగూడ. మాకంటే ముందు ఇంకో ఇంట్లో ఇలాగే ఓ ముసలాయనకి చేసిందట. ఓ రోజు నేను ఫోన్లో కంపెనీవాళ్ళతో గొడవపడుతుంటే విని, తరవాత చెప్పింది.

“గా ఇంట్ల రెండు నెలలు ఆగిన అమ్మా. కంపెనీ పైసలు రాంగనే ఇస్తమన్నరు. గా కంపెనీ ఎవరో నాకెర్కనా? నా చిట్టీ నడిపేటామె ఆగుతదా? చిట్టీ పాయె, కట్టిన పైసలల్ల కోత పాయె.”

“మరి మానెయ్యలేదేం?” అన్నాను.

“మానేస్తె పెద్దాయన్ని ఎవరు తిప్పుతరు?” అంది, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు.

చూడండి, ఈ మొత్తం వరసలో కాగితం అడక్కుండా తన వంతు తాను సమయానికి చేసింది ఈవిడ ఒక్కతే. జీతం ఆగింది కూడా ఈవిడకే.

కంపెనీవాళ్ళ తరఫున చెప్పవలసింది లేకపోలేదు. దొంగ బిల్లులు పెట్టే ఆస్పత్రులున్నాయి, పడకపోయినా పడ్డామనేవాళ్ళున్నారు. అది నలుగురు కట్టిన సొమ్ము, తనిఖీ చెయ్యకుండా పంచిపెట్టడమూ ధర్మం కాదు. ఫోన్లో మాట్లాడే ఆ కుర్రాడు దుర్మార్గుడేం కాదు, వాళ్ళమ్మ గురించి కూడా ఓసారి చెప్పాడు. తనిఖీ చెయ్యమనండి. ఎన్నాళ్ళైనా చెయ్యమనండి. నేనడిగేది వేరు. ఆ తనిఖీ పూర్తయ్యేదాకా ఆగే పని ఎవరికి అప్పగించాలి? ఆగగలిగినవాడికా, ఆగలేనివాళ్ళకా?

ఇదేమీ జరగని పని కాదు. జర్మనీలో సేవా బీమాకి దరఖాస్తు పెట్టాక ఇరవై ఐదు పనిదినాల్లో ఏ సంగతీ చెప్పకపోతే, తప్పు తమదైనప్పుడు, ఆ తరవాత మొదలయ్యే ప్రతి వారానికీ 70 యూరోలు ఆ రోగికి కట్టాలి. మనదగ్గరా 2024లో నియంత్రణ సంస్థ ఓ మంచి మాట రాసింది. నగదు రహిత చికిత్సలో ఆస్పత్రినించి డిశ్చార్జి కోరాక మూడు గంటల్లో కంపెనీ తేల్చాలి. దాటితే ఆస్పత్రి వేసే అదనపు ఖర్చు కంపెనీయే, అదీ తన వాటాదారుల సొమ్ములోంచి భరించాలి. ఆలస్యం ఎవరిదో దాని ఖర్చూ వాళ్ళదేనని ఒప్పుకున్నట్టేగా! ఆస్పత్రి గుమ్మం దగ్గర ఒప్పుకున్న న్యాయం ఇంటి మంచం దాకా రావాలి.

ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకి 80 నిండగానే పింఛను 20 శాతం పెరుగుతుంది. 85కి 30, 90కి 40, 95కి 50. వంద నిండితే రెట్టింపు. ముసలితనం పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుందని ఎరిగినవాళ్ళు రాసిన లెక్క ఇది. అయితే కుటుంబ పింఛను తీసుకునే ముసలమ్మల పుట్టినతేదీ పాత కాగితాల్లో లేకపోతే ముందు అది రుజువు చెయ్యాలి. “కృష్ణా పుష్కరాలు వెళ్ళిన ఏడు పుట్టాను” అనే మనిషిని పట్టుకుని సర్టిఫికెట్ తెమ్మంటే ఏ పుష్కరుడు ఇస్తాడు?

పైగా, ముసలివాళ్ళ విషయంలో ఆలస్యానికి ఇంకో మహత్యం ఉంది. మా వీధిలో ఓ పెద్దాయన పోయిన నెల పదిహేను రోజులకి ఆయన క్లెయిం మంజూరయింది. పైసాతో సహా వచ్చింది. కొడుకులు పంచుకున్నారు. తప్పేముంది, చట్టప్రకారం వాళ్ళదే. కాని ఆయన ఉన్నప్పుడు గాలి పరుపు కొనడానికి, “క్లెయిం రానీ, చూద్దాం” అని ఆగారు. ఆయన వీపుకోసం రావలసిన డబ్బు ఆయన ఆస్తి కింద వచ్చింది. అంకె అదే, డబ్బు మాత్రం అది కాదు.

మా డబ్బు 2023 ఉగాది వెళ్ళాక వచ్చింది. చేతి తొడుగులకీ, దూదికీ, ఇంకా దేనికో కోసుకుని మిగతాది పంపారు. అత్తగారు అప్పటికి గోడ పట్టుకుని నిలబడుతున్నారు. మరిది బాకీ తీర్చాం, మందుల షాపతని బాకీ తీర్చాం.

వడ్డీ రాలేదు. ఎంతవుతుందో లెక్కగట్టి, అది కూడా పంపమని కంపెనీకి ఉత్తరం రాశాను. “ఈ కాస్తకి ఇంత గొడవెందుకు, వదిలెయ్” అన్నారు మావారు. అలాగే వదిలేస్తే, ఆగినందుకు ఖరీదేమీ లేదని నేనూ ఒప్పుకున్నట్టే కదా అన్నాను. వస్తే ఎవరికివ్వాలో కూడా అనుకున్నాం. అప్పిచ్చిన మరిదికి కొంత, ఆర్నెల్లు ఖాతా రాసుకుని నోరెత్తని షాపతనికి కొంత.

పది రోజులకి కంపెనీ నుంచి జవాబు వచ్చింది. నా ఉత్తరం అందిందట, పరిశీలిస్తున్నారట. ఆస్పత్రి డిశ్చార్జి కాగితం అసలుది ఒకటి పంపమన్నారు.